హ్యాండిచ్చాడంటే సాయం చేశాడనా, ముంచాడనా?

"వాడు నాకు హ్యాండిచ్చాడ్రా" అని ఎవరైనా వాపోతే మనకు ఇంకేమీ వివరించక్కర్లేదు. వస్తానన్నవాడు రాలేదు, ఇస్తానన్న డబ్బు ఇవ్వలేదు, అవసరం పడేసరికి ఫోన్ స్విచ్చాఫ్ చేసుకున్నాడు. ఇదే మాటను మక్కీకి మక్కీ 'హీ గేవ్ మీ ఎ హ్యాండ్' అని మార్చి లండన్‌లోనో డల్లాస్‌లోనో పుట్టి పెరిగిన సహోద్యోగితో అనండి. "పోన్లే, మంచివాడే" అన్నట్టు చూస్తాడు. ఇంగ్లీషులో చెయ్యివ్వడమంటే సాయపడటం. చెయ్యీ అదే, ఇవ్వడమూ అదే. అర్థాలు మాత్రం ఒకటి తూర్పు, ఒకటి పడమర.

ఇలాంటి పదబంధాలనే తెలుగులో జాతీయాలు, పలుకుబళ్ళు అంటాం. సామెతతో కలిపేయకూడదు. 'పెరుగుట విరుగుట కొరకే' అన్నది సామెత; తనంతట తాను నిలబడే మాట, ఒక తీర్పు చెప్పి ఊరుకుంటుంది. 'నీళ్ళు నమిలాడు', 'పప్పులో కాలేశాడు' జాతీయాలు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది చుట్టూ ఉన్న వాక్యం చెప్పాలి. నీళ్ళను ఎవరూ నమలరు. అయినా జవాబు చెప్పలేక తటపటాయిస్తున్నవాణ్ణి చూస్తే మనకు ఆ మాటే నోట్లోంచి వస్తుంది. విడివిడి మాటల అర్థాలు కూడితే మొత్తం అర్థం రాదు. జాతీయంలో ఉన్న చిక్కంతా ఇక్కడే.

ఇంగ్లీషు జాతీయాల పుస్తకాలు ఈ చిక్కును జాబితాతో విప్పాలని చూస్తాయి. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు అర్థం. ఎస్‌ఎస్‌సీ ఉద్యోగాల పరీక్షలో నాలుగు ఆప్షన్ల మధ్య టిక్కు పెట్టడానికి అది చాలు. మాట్లాడటానికి చాలదు. ఎందుకంటే అర్థం తెలిసిన తర్వాత కూడా మూడు సంగతులు మిగులుతాయి: ఆ మాటను ఎంతవరకు కదిలించొచ్చు, ఎవరి ముందు అనొచ్చు, ఏ దేశంలో చెల్లుతుంది.

మొదటిదాన్ని తెలుగులోనే పరీక్షించి చూద్దాం. 'పప్పులో కాలేశాడు' అంటే పొరబడ్డాడని. 'సాంబారులో కాలేశాడు' అంటే? నవ్వొస్తుంది. 'పప్పులో రెండు కాళ్ళూ పెట్టాడు' అంటే వంటింట్లో నిజంగానే ఏదో ప్రమాదం జరిగినట్టుంటుంది. 'పప్పులో కాలు వేయబడింది' అంటే అది తెలుగే కాదు. అదే 'గుట్టు రట్టయింది' తీసుకోండి. 'గుట్టంతా రట్టయింది' అనొచ్చు, 'వాడి గుట్టు రట్టు చేశారు' అనొచ్చు, 'ఎవరి గుట్టు ఎవరు రట్టు చేశారు' అని అడగొచ్చు. ఎలా తిప్పినా విరగదు.

ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే తేడా ఉంది. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం. 'కిక్ ఎ బకెట్' అన్నా, 'ద బకెట్ వాజ్ కిక్డ్' అన్నా చావు కాస్తా ఎగిరిపోయి, నిజం బకెట్టు ఒకటి మిగులుతుంది. 'స్పిల్ ద బీన్స్' అంటే రహస్యం బయటపెట్టడం. దీన్ని 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అన్నా ఏమీ కాదు. 1994లో జెఫ్రీ నన్‌బర్గ్, ఐవన్ శాగ్, థామస్ వాసో అనే ముగ్గురు భాషాశాస్త్రవేత్తలు దీనికి ఇచ్చిన వివరణ తేలిగ్గా బుర్రకెక్కుతుంది. 'స్పిల్ ద బీన్స్'లో అర్థాన్ని పంచుకోవచ్చు: బీన్స్ రహస్యాల వాటా, ఒలకబోయడం బయటపెట్టడం వాటా. వాటా ఉన్న మాటను కాస్త పక్కకు జరిపినా అది తన వాటాతోనే జరుగుతుంది. చావులో బకెట్టుకు ఏ వాటా లేదు, తన్నడానికీ లేదు. మొత్తం కలిస్తేనే చావు. అందుకే ఎక్కడ ముట్టుకున్నా విడిపోతుంది. మన 'గుట్టు రట్టు'లో గుట్టుకు తన అర్థం తనకుంది. పప్పుకూ కాలికీ పొరపాటులో వాటా లేదు.

కాబట్టి కొత్త జాతీయం ఎదురైనప్పుడు "ఇందులో ఏ మాట దేనికి బదులు నిలబడింది?" అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు దొరికితే ఆ మాటతో కాస్త చనువు తీసుకోవచ్చు. దొరక్కపోతే విన్నది విన్నట్టే అనాలి.

బకెట్టు సంగతి ఇంకా అయిపోలేదు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన లండన్ వీధి భాష నిఘంటువులో ఈ మాట అప్పటికే ఉంది. ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల యాసలో 'బకెట్' అంటే దూలం అని కూడా అర్థం. కోసిన పందిని దానికి వేలాడదీసినప్పుడు కాళ్ళు కొట్టుకుని దూలానికి తగిలేవని, మాట అక్కడి నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్పే వివరణ. ఖాయమని చెప్పలేం గానీ నీళ్ళ బకెట్టు కన్నా ఇదే నమ్మదగ్గట్టుంది. మనవాళ్ళకు ఆ దూలం గొడవ ఏం తెలుసు? శుభ్రంగా 'బాల్చీ తన్నేశాడు' అని తెలుగు చేసేసుకున్నాం. ఆ 'బాల్చీ' మళ్ళీ పోర్చుగీసు నుంచి హిందీ బాల్టీగా మారి వచ్చిన మాట అంటారు. ఇంగ్లీషు పంది దూలం మన భాషలో పోర్చుగీసు నీళ్ళ బకెట్టుగా తేలిందన్నమాట.

అయితే 'బాల్చీ తన్నేశాడు' అన్న మాట మనం ఎక్కడ వాడతాం? పరామర్శకు వెళ్ళి "మీ నాన్నగారు బాల్చీ తన్నేశారని తెలిసింది" అంటే మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వరు. కన్నుమూశారు, కాలం చేశారు, పోయారు అని మనుషుల్ని బట్టి, చోటును బట్టి మాట మారుస్తాం. 'టపా కట్టేశాడు' అని గిట్టనివాడి గురించి చాటుగా అంటాం. ఇంత సూక్ష్మం మనకు ఎవరూ నేర్పలేదు. అదే మనం ఇంగ్లీషులోకి వచ్చేసరికి, పుస్తకంలో 'కిక్ ద బకెట్ = టు డై' అని మాత్రమే ఉంది కదా అని సెలవు చీటీలో కూడా రాసేయగలం. ఇంగ్లీషులో బకెట్టుకూ మన బాల్చీకీ మర్యాద ఒక్కటే. సెలవు చీటీలో రాయాల్సింది 'పాస్డ్ అవే'. పనిలో పనిగా ఇంకొకటి: మన దగ్గర ఎంతో గౌరవంగా వాడే 'ఎక్స్‌పైర్డ్' అన్న మాట అమెరికాలోనో బ్రిటన్‌లోనో వింటే వాళ్ళకు ముందు గుర్తొచ్చేది గడువు దాటిన పాల ప్యాకెట్టూ పాస్‌పోర్టూ.

ఈ మర్యాద సంగతి తెలియకే చాలామంది 'రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' దగ్గర బోల్తా పడతారు. మన దేశంలో ఇంగ్లీషు జాతీయాల పాఠం దీనితోనే మొదలవుతుంది. విదేశీ చదువుల కోసం రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలు వాన గురించి అడగకపోయినా దీన్ని ఎలాగోలా ఇరికిస్తారు. ఆ పరీక్షలో మాట్లాడే విభాగానికి ఇచ్చే 7వ బ్యాండు వివరణలో 'ఇడియమాటిక్' పదజాలం అన్న మాట ఉన్న సంగతి నిజమే. కానీ దానికి అర్థం ఆ భాషలో సహజంగా పలికే మాటల పొందిక అని. పిల్లుల్నీ కుక్కల్నీ కురిపిస్తే మార్కులొస్తాయని కాదు. పెద్ద వాన పడుతుంటే అక్కడివాళ్ళు మామూలుగా అనే మాట 'ఇట్స్ పోరింగ్'. మన 'కుండపోత' అంతే తేలిగ్గా ఉంటుంది.

పిల్లులూ కుక్కలూ ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ గట్టిగా తెలియదు. పూర్వం ఇంగ్లండ్‌లో గడ్డి కప్పుల ఇళ్ళ మీద పిల్లులు, కుక్కలు పడుకునేవని, వానకు జారి కింద పడేవని ఒక కథ మీకూ వచ్చే ఉంటుంది. ఇది 1999 ప్రాంతంలో '1500ల నాటి జీవితం' అన్న పేరుతో ఈమెయిళ్ళలో తిరిగిన అల్లిక కథల్లో ఒకటి. ఇప్పుడు వాట్సాప్‌లో సుఖంగా బతుకుతోంది. కుక్క కప్పెక్కి పడుకోవడమేమిటని ఎవరూ అడగరు. నాకు ఈ కథ కన్నా నచ్చే నిజం ఒకటుంది. జోనథన్ స్విఫ్ట్ 1738లో, పెద్దింటివాళ్ళు అరిగిపోయిన మాటలతో ఎలా కబుర్లాడుకుంటారో ఎగతాళి చేస్తూ ఒక పుస్తకం వేశాడు. పిల్లులూ కుక్కలూ అందులో ఉన్నాయి. అంటే సుమారు మూడు వందల ఏళ్ళ కిందటే ఇది అరిగిపోయిన మాట!

మూలకథలు అన్నీ అబద్ధాలని కాదు. మొసలి కన్నీరు మనకూ వాళ్ళకూ ఉమ్మడి. యూరప్‌లో మధ్యయుగాల నాటి నుంచే మొసలి ఏడుస్తూ తింటుందన్న నమ్మకం ఉంది. 2007లో అమెరికా పరిశోధకులిద్దరు మొసలికి దగ్గరి చుట్టాలైన ఎలిగేటర్లు, కైమాన్లు ఏడింటిని తింటుండగా గమనిస్తే, ఐదింటికి నిజంగానే కళ్ళు చెమ్మగిల్లాయి. బాధతో కాదులెండి. ఒంట్లో జరిగే ఏదో మార్పు వల్ల కావచ్చు.

కొన్ని జాతీయాల్లో చిక్కు మాటల్లో ఉండదు, ఎండలో ఉంటుంది. మన పెద్దవాళ్ళ దీవెన చూడండి: "చల్లగా ఉండు నాయనా", "నీ కడుపు చల్లగా". చల్లని మాట, చల్లని చూపు, చల్లని కబురు. కోపమొస్తే ఒళ్ళు మండుతుంది, అసూయ కడుపు మంట. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బతికినవాడికి చల్లదనమే సుఖం. ఇంగ్లండ్‌వాడికి చలి శత్రువు, నెగడు దగ్గర వెచ్చగా కూర్చోవడం సుఖం. కాబట్టి అతని ప్రేమంతా 'వార్మ్': వార్మ్ వెల్కమ్, వార్మ్ హార్ట్. 'వార్మ్ వెల్కమ్'ను మన పత్రికలు ఎప్పుడో గ్రహించి 'ఘన స్వాగతం' అని రాసుకున్నాయి. ఎవరినైనా పట్టించుకోకుండా ఎడంగా పెట్టడం 'కోల్డ్ షోల్డర్'. 1816లో వాల్టర్ స్కాట్ నవలలో స్కాట్లండ్ యాసలో మొదట కనిపించిన మాట ఇది. ఇష్టంలేని అతిథికి చల్లారిన మాంసం పెట్టేవాళ్ళన్న కథ తర్వాత అతికించినది. 'బ్రేక్ ద ఐస్', 'ఆన్ థిన్ ఐస్' లాంటివి చెరువు గడ్డకట్టే దేశంలోనే పుడతాయి. పల్చటి మంచు మీద నడవడంలోని భయం మనకు ఊహే. మనకు కత్తి మీద సాము.

ఈ లెక్క కూడా పూర్తిగా కుదరదు. 'ప్రభుత్వం శీతకన్ను వేసింది' అని మనమూ రాస్తాం. 'కూల్' అని వాళ్ళూ మెచ్చుకుంటారు. సూత్రం దొరికిందని సంబరపడే లోపు ఒక మినహాయింపు తలుపు తడుతుంది.

మరి కొన్ని జాతీయాలు కథల మీద నిలబడతాయి. 'సైంధవుడిలా అడ్డుపడ్డాడు', 'శల్య సారథ్యం', 'భగీరథ ప్రయత్నం' అన్న మాటలు భారత రామాయణాలు తెలియని విదేశీయుడికి ఎలా అర్థమవుతాయి? వాళ్ళకు ఆ స్థానంలో బైబిల్, షేక్‌స్పియర్. 'రైటింగ్ ఆన్ ద వాల్' అంటే ముంచుకొచ్చే ముప్పుకు సూచన. దానియేలు గ్రంథంలో బబులోను రాజు విందులో గోడ మీద చెయ్యి రాసిన రాత అది. చర్చికి వెళ్ళే తెలుగు కుటుంబాల పిల్లలకు దీన్ని విడిగా నేర్పక్కర్లేదు. 'పౌండ్ ఆఫ్ ఫ్లెష్' అంటే అప్పు ఇచ్చినవాడు దయ లేకుండా చివరి పైసా వరకు పిండడం. షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్' నాటకంలో వడ్డీవ్యాపారి షైలాక్ బాకీ కింద కోరిన పౌను మాంసం అది. కథ తెలిస్తే జాతీయం ఊరికే వచ్చేస్తుంది.

'పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టు', 'ఒకే దెబ్బకు రెండు పిట్టలు' వంటివి రెండు భాషల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. వాటి మీద సమయం వృథా చేయకండి. 'ఒన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే అమాసకో పున్నానికో. నిజానికి అమాస, పున్నం కలిపి చూస్తే పదిహేను రోజులకొకటి వస్తాయి. అరుదు అనడానికి మనవాళ్ళు ఈ లెక్క ఎందుకు ఎంచుకున్నారో! బ్లూ మూన్‌కు ఒకే నెలలో వచ్చే రెండో పున్నమి అని ఇప్పుడు చెప్పే అర్థం కూడా 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రిక పాత పంచాంగాన్ని తప్పుగా చదవడం వల్ల పుట్టిందే. అలా చూసినా రెండున్నర, మూడేళ్ళకొకసారి వస్తుంది. ఈ ఒక్క విషయంలో లెక్క వాళ్ళదే నయం.

మన ఐటీ వాళ్ళకు నిజంగా టెన్షన్ పెట్టేవి ఆట మైదానం నుంచి వచ్చినవి. మనకు తెలిసిన ఆట క్రికెట్, అమెరికా క్లయింటుకు తెలిసింది బేస్‌బాల్. 'గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు లెక్క చెప్పమని. 'లెట్స్ టచ్ బేస్ టుమారో' అంటే రేపు ఒకసారి మాట్లాడుకుందామని. 'కర్వ్‌బాల్' అంటే అనుకోకుండా వచ్చిపడిన చిక్కు. బేస్‌బాల్ చూడకపోయినా వీటిని మొత్తంగా బట్టీ పట్టొచ్చు. అసలు ప్రమాదం తెలిసిన ఆటలోనే ఉంది. 'ద న్యూస్ నాక్డ్ హిమ్ ఫర్ సిక్స్' అని బ్రిటిష్ వాడు అంటే మనం ఎగిరి గంతేస్తాం, సిక్సర్ కదా అని. అతని ఉద్దేశం ఆ వార్తకు వాడు కుదేలైపోయాడని. మనం సిక్సర్‌ను బ్యాటు పట్టినవాడి వైపు నుంచి చూస్తాం. ఈ జాతీయం దెబ్బ తిన్న బంతి వైపు నుంచి చూస్తుంది.

బ్యాటుతోనే ఇంకో తికమక. బ్రిటన్‌లో 'ఆఫ్ హిజ్ ఓన్ బ్యాట్' అంటే ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేయడం, క్రికెట్ మాట. అమెరికాలో 'రైట్ ఆఫ్ ద బ్యాట్' అంటే మొదట్లోనే, వెంటనే, బేస్‌బాల్ మాట. 'స్టిక్కీ వికెట్' అంటే ఇబ్బందికరమైన స్థితి. పిచ్ మీద కవర్లు కప్పని రోజుల్లో వానకు తడిసి ఆరుతున్న పిచ్ మీద బంతి ఎటు పోతుందో తెలిసేది కాదు. ఇప్పుడు పిచ్‌లకు కవర్లు వచ్చాయి, మాట మాత్రం తడిగానే మిగిలింది.

రెండు దేశాల మధ్య ఇలాంటి తేడా యుద్ధకాలంలో కూడా గొడవ తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు కలిసి కూర్చున్నప్పుడు, బ్రిటిష్ వాళ్ళు ఒక కాగితాన్ని 'టేబుల్' చేద్దామన్నారు. వాళ్ళ భాషలో అంటే వెంటనే చర్చకు పెడదామని. అమెరికన్లకు ఆ మాట అర్థం పక్కన పెట్టేద్దామని. చాలాసేపు వాదించుకుని, కాస్త ఘాటుగా కూడా మాట్లాడుకుని, చివరికి ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని గ్రహించారట. చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాసుకున్న సంగతి ఇది. మన పార్లమెంటులో బిల్లును టేబుల్ చేశారంటే అది బ్రిటిష్ అర్థమే. అమెరికా క్లయింటుతో కాల్‌లో ఉన్నప్పుడు 'లెట్స్ టేబుల్ దిస్' వినబడితే ల్యాప్‌టాప్ తెరవకండి, మూసేయండి.

మనం ఇక్కడ ఇంగ్లీషు అనుకుని వాడుకునే మాటలు కొన్ని ఇక్కడే చెల్లుతాయి. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అంటే మనకు డిగ్రీ పూర్తయిన సంవత్సరం. అమెరికన్‌కు మీరు 2019లో స్పృహ తప్పి పడిపోయారని. 'లెగ్ పుల్లింగ్' అంటే ఆఫీసుల్లో మనం వెనక నుంచి కాళ్ళు లాగే రాజకీయం అనుకుంటాం. అసలు ఇంగ్లీషులో 'పుల్లింగ్ మై లెగ్' అంటే సరదాగా ఆట పట్టించడమే. నా మీద ఎవరో కుట్ర చేస్తున్నారని చెప్పబోయి, మేమంతా జోకులేసుకుంటున్నామని చెప్పేస్తాం. 'సోపేస్తున్నాడు' అన్నది మాత్రం అదృష్టవశాత్తూ కలిసింది: 'సాఫ్ట్ సోప్' అన్నా పొగిడి పబ్బం గడుపుకోవడమే. 'బిస్కెట్ వేయడం' అక్కడ అస్సలు పనిచేయదు, కుక్క కోసం వెతుకుతారు.

నన్నడిగితే, నేర్చుకునేవాళ్ళు రంగురంగుల జాతీయాల కన్నా ముందు చిన్న చిన్న క్రియల మీద పడాలి. తెలుగు నేర్చుకునేవాడికి 'తిను' ఎంత పరీక్షో ఊహించండి: అన్నం తిన్నాడు, దెబ్బలు తిన్నాడు, లంచం తిన్నాడు, నా తల తిన్నాడు, గడ్డి తిన్నాడు. ఇంగ్లీషు 'పుట్' అంతే. 'పుట్ ఆఫ్' వాయిదా వేయడం, 'పుట్ డౌన్' కించపరచడం, 'పుట్ అప్ విత్' భరించడం. పిల్లులూ కుక్కలూ ఏడాదికోసారి ఎదురైతే ఇవి గంటకోసారి ఎదురవుతాయి. పరీక్ష పుస్తకాలు వీటికి చివరి పేజీలిచ్చి ముందు పేజీలన్నీ బకెట్లకూ బీన్స్‌కూ కేటాయిస్తాయి.

నిఘంటువు చూసేటప్పుడు అర్థం దగ్గరే ఆగిపోకండి. మంచి లర్నర్స్ డిక్షనరీల్లో జాతీయం పక్కనే చిన్న అక్షరాల్లో 'ఇన్‌ఫార్మల్', 'ఓల్డ్ ఫ్యాషన్డ్', 'బ్రిటిష్' అని ముద్రలుంటాయి. మూడు సంగతులన్నానే, వాటిలో రెండింటికి జవాబు ఆ ముద్రలే. కొత్త మాట దొరికితే విడిగా కాకుండా, మీరు విన్న పూర్తి వాక్యంతో, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసుకోండి. నోటితో అనడానికి తొందర లేదు. ఒకే జాతీయాన్ని ముగ్గురు వేర్వేరు మనుషుల నోట విన్నాక మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు.

హ్యాండు దగ్గర ఒక అర్థం మిగిలిపోయింది. కాలేజీ ఫెస్టులో యాంకర్ మైకు పట్టుకుని 'గివ్ దెమ్ ఎ బిగ్ హ్యాండ్' అని అరుస్తుంది. ఇక్కడ హ్యాండివ్వడమంటే సాయం చేయడం కాదు, ముంచడమూ కాదు, చప్పట్లు కొట్టడం. ఏ జాబితాలోనూ చదవని పిల్లలు కూడా చప్పట్లు కొడతారు. బయటికొచ్చి, పార్కింగ్‌లో బండెక్కిస్తానని చెప్పి ముందే వెళ్ళిపోయిన ఫ్రెండు గురించి అదే పిల్లలు "హ్యాండిచ్చాడ్రా" అనుకుంటూ ఆటో కోసం చూస్తారు.